టెక్సస్ సీమలో మోటారు నిరీక్షణము

అమెరికా దేశమున టెక్సస్ రాష్ట్రములో డల్లాసు, ఫోర్టువర్తు అను రెండు మహానగరముల నడుమ ఆర్లింగ్టను అను పట్టణము కలదు. దాదాపు 4 లక్షల జనము గల యూరే అయినను అచ్చట మనమెరిగిన రీతి సిటీ బస్సులు లేవు. పిలిచినప్పుడు వచ్చి నలుగురిని దారిలో ఎక్కించుకొనిపోవు చిన్న వ్యానులు మాత్రము 2017 మొదలుకొని తిరుగుచున్నవి. తక్కిన రాకపోకలన్నియు ఎవరి కారులో వారివే. ఇట్టి యూరియందే, ఆ దేశపు గృహస్థులు వాడు కారులలో మిక్కిలి పెద్దవగు వాహనములను చేయు జనరల్ మోటార్స్ వారి కర్మాగారము నెలకొని యున్నది. 1954లో తెరువబడిన ఆ కర్మాగారమునుండి షెవర్లే టాహో, షెవర్లే సబర్బను, జి.ఎం.సి. యూకాను, కాడిలాక్ ఎస్కలేడు అను నాలుగు తీరుల బండ్లు వెలువడుచున్నవి. సుమారు 5,000 మంది పనివారు వంతులు వేసికొని పనిచేయుదురు. దినమునకు వేయికి పైగా బండ్లు సిద్ధమగును.

మన దేశమున ఎస్.యు.వి. అని పిలుచు బండ్లను మాత్రమే చూచినవారు వీని పరిమాణమును ఊహింపజాలరు. టాహో పొడవు 17న్నర అడుగులు. సబర్బను పొడవు దాదాపు 19 అడుగులు. సరకుబండికి వేయునట్టి ఉక్కు చట్రముపై కట్టినవగుటచే నేలనుండి ఎత్తుగా నుండును. మూడు వరుసల ఆసనములు. ఏడుగురో, ఎనమండుగురో కూర్చుండవచ్చును. సబర్బను అను పేరు 1935 నాటిది. అంత దీర్ఘకాలము ఎడతెగక నిలిచిన మోటారు పేరు మరియొకటి లేదు. ఎందరెక్కినను ఇంకొకరికి చోటు మిగులునని పెద్దలు చెప్పు పుష్పకము నాకు జ్ఞప్తికి వచ్చినది. కాని పుష్పకమునకు పెట్రోలు పోయవలసిన పని లేదు. ఈ బండియో, నగరవీధులలో గాలనుకు 15, 16 మైళ్ళు నడచిన గొప్ప. 2022 జూనులో ఆ దేశమున గాలను సగటు ధర మొట్టమొదటిసారిగా 5 డాలర్లు దాటెను.

సరిగా ఆ దినములలోనే నేను అచ్చట నుంటిని. డల్లాసునకు ఉత్తరముననున్న ఫ్రిస్కో పట్టణములో మా చెల్లెలు కాపురమున్నది. ఆమెకు మూడవ కానుపు. మా అమ్మకు అంత దూరప్రయాణము పడదు గనుక, పురిటికి సాయముగా నేను మే నెలలో బయలుదేరి పోతిని. ఫ్రిస్కోలో తెలుగువారు పెక్కురు. అచ్చటి కార్యసిద్ధి హనుమాన్ ఆలయమున శనివారము నిలుచున్నచో నాలుగు వైపుల మన మాటయే వినబడును. అంగళ్ళలో గోంగూర దొరకును. ఒక్కటి మాత్రము దొరకదు: కాలినడకన పోయి వచ్చు సౌకర్యము. వీథులు విశాలములు, పచ్చికలు చక్కగా కత్తిరించినవి, ఇండ్లు వరుసలు తీర్చినవి. నడచు మనిషి మాత్రము అరుదు. ఆ వేసవిని ఫారన్‌హీటు మానమున 100 డిగ్రీలు దాటిన దినములు పెక్కు. కారు లేనివారికి ఇల్లే బందిఖానా.

మా చెల్లెలి యింట భార్యాభర్తలు, అత్తమామలు, ఏడేండ్ల పిల్లవాడు, నాలుగేండ్ల పిల్లవాడు, జూనులో పుట్టిన పసిబిడ్డ: మొత్తము ఏడుగురు. ఉన్న కారులు రెండును ఐదుగురు పట్టునవే. అందునను, ఎనిమిదేండ్లలోపు పిల్లలు 4 అడుగుల 9 అంగుళముల ఎత్తు పెరిగియుండనిచో, వారిని ప్రత్యేకపు భద్రతాసనమున కూర్చుండబెట్టవలెనని టెక్సస్ చట్టము. అట్టి ఆసనములు మూడు ఒకే వరుసలో ఇరుకుకొనవు. మన వైపున వలె బిడ్డను ఒడిలో పెట్టుకొని, పెద్దపిల్లవానిని సందులో నిలువబెట్టుకొని పోవుటకు వీలులేదు. ఆలయమునకు పోవలెనన్న రెండు కారులు కదలవలెను, ఇద్దరు నడుపవలెను. చెల్లెలు బాలింత. కావున చెల్లెలి అత్తగారు మోకాలి శస్త్రచికిత్స నెపముగా చెప్పి ఆలయమునకు పోవుటయే మానుకొనిరి. “నాకు నొప్పిగా నున్నదమ్మా, మీరు పోయి రండి” అనుచుండిరి. ఆ నొప్పి మోకాలిది కాదని ఇంటిలో అందరకును తెలియును. పెద్దకారు కొనవలెనన్న తలంపు అందుండి పుట్టినది.

ఏ బండి కొనవలెనన్న చర్చ వారము దినములు సాగెను. నేల తక్కువగా నుండి, తలుపులు ప్రక్కకు జరుగు మినీవ్యాను పెద్దవారికి ఎక్కుటకు సుకరమని నేను చెప్పితిని. మరిది “నిజమే వదినగారూ, కాని వానికిని ఈ యేడు నెలల తరబడి వేచియుండవలెను” అనెను. అదియు సత్యమే. పైగా ఏటేట ఎవరో ఒకరు ఇండియానుండి వచ్చుచుందురు. ఏడుగురు కూర్చున్న పిమ్మట పెట్టెలకు చోటుండవలెను. మూడవ వరుస వెనుక టాహోలో 25.5 ఘనపుటడుగుల చోటున్నది. సబర్బనులో 41.5. ఈ ఒక్క లెక్కతో టాహో తొలగిపోయెను. ఎత్తు మాటకు, బండి ప్రక్కను అడుగుమెట్టు వేయించుకొందమని చెల్లెలు సమాధానము చెప్పెను. అంతట సబర్బను అని నిశ్చయమైనది.

నిశ్చయమైనది గాని బండి ఎక్కడ? మునుపు వందలకొలది కారులు బారులు తీరియుండు డీలర్ల ఆవరణములు ఆ యేట బోసిపోయి యుండెను. నగరములోని ఒక డీలరు వద్ద మాత్రము నల్లని సబర్బను ఒకటి నిలిచియున్నది. దాని అద్దమునకు అంటించిన ధరకాగితము ప్రక్కను మరియొక చిన్న కాగితము: మార్కెట్ సవరింపు, 10,000 డాలర్లు. అనగా ఆనాటి మన రూపాయలలో సుమారు 8 లక్షలు. ఆ సొమ్ముతో మన వైపున ఒక చిన్నకారు వచ్చును! “రేపటికి ఇదియు ఉండదు” అని అమ్మకపువాడు చిరునవ్వుతో చెప్పెను. మరిది కలము తీసెను. చెల్లెలు ఆయన చేతిమీద చేయి వేసి, “ఏమండీ, ఒక్క రాత్రి ఆలోచింతము” అని తెలుగున అనెను. ఆ రాత్రి ఇంటిలో ఎవరును సరిగా మాటలాడుకొనలేదు. మా అమ్మ దేవుని చూచి మూడు నెలలైనదని ఆయన బాధ. ఇంటి అప్పు, ముగ్గురు బిడ్డల చదువులు ఈమె బాధ. ఇద్దరి మాటయు న్యాయమే. అత్తగారు మాత్రము లోపలి గదిలోనుండి ఒక్కమాట అనిరి: “నా పేరు చెప్పి అప్పు చేయకండి నాయనా.”

ఇంత కొరత ఏల వచ్చెనో సోదరీమణులు తెలిసికొనదగును. ఇనుమునకు కరవు కాదు, రబ్బరునకు కరవు కాదు. గోటియంత చిప్పులకు కరవు. మన కొబ్బరిచిప్ప కాదు; సిలికాను పలకపై సూక్ష్మాతిసూక్ష్మమైన విద్యున్మార్గములు చెక్కిన చిన్న ముక్క. నేటి కారు ఒక్కదానిలో ఇట్టివి వేయికి పైగా నుండును. కిటికీ అద్దము దిగవలెనన్నను, ఆసనము జరుగవలెనన్నను, ఇంజనులో పెట్రోలు పాలు తెలియవలెనన్నను ఇవి కావలెను. 2020 వసంతమున కోవిడ్ మహమ్మారి వ్యాపింపగా, ఇక కారులెవరు కొందురని కంపెనీలు చిప్పుల ఆర్డర్లను రద్దుచేసికొనినవి. అదే సమయమున జనమెల్ల ఇండ్లలో కూర్చుండి కంప్యూటర్లు కొనిరి. చిప్పుల కర్మాగారములు ఆ వైపు మొగ్గినవి. అరునెలలు తిరుగకుండనే జనము మరల కారులు కావలెననిరి. కాని చిప్పు తయారగుటకు మూడు నెలలకు తక్కువ పట్టదు. విడిచిన వంతు వెంటనే తిరిగి దొరకదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచుతుపాను ముంచి, కరెంటు పోయి, ఆస్టిను నగరములోని చిప్పుల కర్మాగారములు మూతబడెను. మార్చి 19న జపానులోని నాకా అను చోట రెనెసాస్ వారి కర్మాగారమున అగ్నిప్రమాదము కలిగెను. ఆ వేసవిని మలేషియాలో మహమ్మారి ముదిరి, చిప్పులను పరీక్షించి కూర్చు పనులు కుంటుపడెను.

కొరత కాలమున కంపెనీలు ఉన్న చిప్పులను లాభమధికముగా వచ్చు పెద్దబండ్లకు మొదట కేటాయించినవి; చిన్నకారుల కర్మాగారములే ఎక్కువగా ఆగినవి. అయినను కొనుగోలుదారులు అంతకంటె అధికముగా నుండిరి. 2021 నవంబరులో జనరల్ మోటార్స్ వారు పెక్కు బండ్లలో ఆసనములను వెచ్చజేయు ఏర్పాటును కొంతకాలము విడిచిపెట్టిరి. పాతకారుల ధర 2022 జనవరి నాటికి ఒక్క యేడాదిలో 40.5 శాతము పెరిగెను. కొత్తది దొరకనివారు పాతదానికి ఎగబడుటయే కారణము.

మరునాడు మరిది కోపమును దిగమింగి, చెల్లెలితో కూడ కూర్చుండి, రాష్ట్రమంతట డీలర్లకు ఫోను చేయనారంభించెను. ఇరువదిమందికి పైగా అడిగిన పిమ్మట, ఉత్తరమున షెర్మను పట్టణము దాటిన ఒక చిన్న యూరి డీలరు, అంటించిన ధరకే ఆర్డరు తీసికొందుననియు, 500 డాలర్లు బయానా చాలుననియు, వలదన్నచో తిరిగి ఇత్తుననియు చెప్పెను. అతనిని చూచుటకై ఒక శనివారము బయలుదేరితిమి. టెక్సస్‌లో మోటారు అంగడులు శని, ఆదివారములు రెండింటను తెరచియుండరాదని చట్టము. ఏదో ఒక దినము మూయవలెను. ఎక్కువమంది ఆదివారమే మూయుదురు.

డల్లాసులో ఒక పని చూచుకొని, 75వ నంబరు రాచబాటపై ఉత్తరముగా పోతిమి. నగరము దాటకముందే దారిప్రక్కను టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి విశాలమైన ఆవరణము కానవచ్చును. 1958లో ఆ సంస్థలో కొత్తగా చేరిన జాక్ కిల్బీ అను ఇంజనీరునకు సెలవులింకను రాలేదు. తక్కినవారు వేసవి సెలవులకు పోగా, ఒంటరిగా ప్రయోగశాలలో కూర్చుండి, ఒకే ముక్కపై విద్యుత్పరికరములన్నిటిని ఇమిడించు ఉపాయము కనుగొనెను. సెప్టెంబరు 12న దానిని పనిచేయించి చూపెను. 2000లో ఆయనకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానములో భాగము లభించెను. చిప్పు పుట్టిల్లు ఈ దారిలోనే! పెద్దబండ్ల పుట్టిల్లు ఆర్లింగ్టను ఇచ్చటికి గంట ప్రయాణములోపే! రెండు పుట్టిండ్ల నడుమ కాపురముండి మా చెల్లెలు కారునకై వేచియుండవలసి వచ్చెను. గంగ ఒడ్డున దాహము వంటిదే ఇదియు. కనిపెట్టిన చోట ఉత్పత్తియంతయు నిలువలేదు. చౌకయని, నేర్పని, చిప్పుల పని క్రమముగా తైవాను, మలేషియా మొదలగు దూరదేశములకు తరలిపోయెను. ఏదో ఒక దేశములో ఒక దీపము ఆరిన, ఇచ్చట ఒక ముసలమ్మ గుడికి పోలేదు.

ప్లేనో, ఆలెను, మెకిన్నీ పట్టణములు గడచిన పిమ్మట ఇండ్లు పలుచబడి, పచ్చిక బయళ్ళు, గడ్డిమోపులు, ఆవులు కానవచ్చెను. షెర్మను దగ్గర మట్టి తవ్వకములు జరుగుచుండెను. అచ్చట టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు 2022 మే 18న కొత్త చిప్పుల కర్మాగారములకు భూమిపూజ వంటి వేడుక చేసియుండిరి. ఆ జూనులోనే తైవానునకు చెందిన గ్లోబల్‌వేఫర్స్ వారు సిలికాను పలకల కర్మాగారమును అచ్చటనే కట్టుదుమని ప్రకటించిరి. అది 2025లో తెరువబడినది. తరలిపోయిన పనిని తిరిగి రప్పించుటకై అమెరికా ప్రభుత్వమును 2022 ఆగస్టు 9న ఒక చట్టము చేసెను.

చిన్న యూరి డీలరు వృద్ధుడు. మమ్ము కూర్చుండబెట్టి, ఆర్డరు విధానము ఓపికగా చెప్పెను. టెక్సస్‌లో కంపెనీ తానుగా బండి అమ్మరాదు. డీలరు ద్వారముననే అమ్మవలెను. ప్రతి డీలరునకును మునుపటి అమ్మకములనుబట్టి వంతులు వచ్చును. వంతు లేనిదే ఆర్డరు కదలదు. ఆర్డరుకు అంకెల మెట్లున్నవి: 1100 అనగా డీలరు వ్రాసికొనినది, 2000 కంపెనీ అంగీకరించినది, 3000 ఉత్పత్తి శాఖవారు తీసికొనినది, 3800 తయారైనది, 4200 దారిలో నున్నది, 5000 డీలరు వద్దకు చేరినది, 6000 మన చేతికి వచ్చినది. “మీరు కోరు ప్రతి అలంకారమును ఒక చిప్పు అడుగును. కొరతలోనున్న వస్తువు ఒక్కటి కోరినను ఆర్డరంతయు దానికొరకు ఆగును” అని అతడు హెచ్చరించెను.

అప్పుడు మా చెల్లెలు చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. ఒక కాగితమును నిలువున మడిచి, ఒక వైపున లేనిదే గడువనివి, రెండవ వైపున ఉన్న బాగుండునవి వ్రాసెను. మొదటి వైపున మూడే నిలిచినవి: వెనుక వరుసకు పిల్లలు నడచిపోవుటకు వీలుగా రెండవ వరుసలో విడివిడి ఆసనములు, పెద్ద సామాను చోటు, అడుగుమెట్టు. ఆ మెట్టులోను రెండు రకములు. తలుపు తీయగానే మోటారుతో తనంతట బయటికి వచ్చునది ఒకటి. ఎల్లప్పుడు స్థిరముగా నుండునది ఒకటి. స్థిరమైనదానికి మోటారు లేదు, చిప్పు లేదు, చెడుట లేదు. అదియే కోరిరి. పైకప్పు అద్దము, పెద్ద చక్రములు, వెచ్చని ఆసనములు, తెరలు అన్నియు రెండవ వైపున ఉండిపోయెను. 100 డిగ్రీల ఎండలో ఆసనము వెచ్చజేయనేల అని అందరమును నవ్వుకొంటిమి. రంగు ఏదైన సరే యనిరి. బండి ధర దాదాపు 60 వేల డాలర్లు; దానిపై రాష్ట్రపు పన్ను 6.25 శాతము, అనగా 3,750.

ఆర్డరు వ్రాసినది జూను చివర. జూలై యంతయు 1100. ఆగస్టులో 2000. పిమ్మట ఆ అంకె కదలలేదు. మరిది ప్రతి ఉదయమును ఫోను చూచుకొని, మాట లేకుండ కాఫీ త్రాగి ఆఫీసునకు పోవుచుండెను. బిడ్డకు ఐదవ నెలలో ఆలయమున అన్నప్రాశన చేయవలెనని మామగారి కోరిక. సెప్టెంబరులో నగరపు డీలరు మరల పిలిచి, వేరొక బండి వచ్చినది, ఇప్పుడు అధికము 7 వేలే యనెను. ముహూర్తమునకు బండి చేతిలో నుండును. ఈసారి చెల్లెలికే మనసు ఊగినది. అత్తగారు చేతికర్ర పట్టుకొని ముందుగదిలోనికి వచ్చి కూర్చుండి, “దేవుడు మన యింటికి రాడా అమ్మాయీ? పాయసము ఇంటనే పెట్టుదము. నాకు గుడి కావలెను గాని, ఏడువేల గుడి వద్దు” అనిరి. అక్టోబరులో పురోహితుని పిలిపించి ఇంటనే అన్నప్రాశన జరిపిరి. మామగారు మనుమరాలిని ఒడిలో పెట్టుకొని బంగారు ఉంగరముతో పాయసము నాకించుచు కన్నీరు తుడుచుకొనిరి. నిరీక్షణకు వెల లేదని నేను చెప్పను. ఆ పూట ఆ యిల్లు దానిని చెల్లించినది.

ఆ తరువాత పది దినములకు 3800 వచ్చెను. మా యింటికి 40 మైళ్ళ దూరమున బండి సిద్ధమై నిలిచినది. కాని పోయి తెచ్చుకొనుటకు వీలులేదు. అది లారీ యెక్కి ఉత్తరముగా చిన్న యూరికి పోవలెను. మేమును అచ్చటికి పోయి, మరల దక్షిణముగా దానిని తోలుకొని రావలెను. అక్టోబరు చివర తెచ్చుకొంటిమి. మరుసటి శనివారము గుడికి ప్రయాణము. ముందర మరిది, రెండవ వరుసలో అత్తగారు, ఆమె ప్రక్కను బిడ్డ, వెనుక చెల్లెలు, పిల్లలు. ఇక మిగిలినది ఒక్క ఆసనము, మనుష్యులము ఇద్దరము. ఒకరికి చోటు మిగులు గుణము పుష్పకమునకే చెల్లును. మామగారు తాము ఇంటనుందుమని నన్ను ఎక్కించిరి. అత్తగారు స్థిరపు మెట్టుపై ఒక పాదము మోపి, లోపలి పిడిని పట్టుకొని, ఎవరి చేయియు అందుకొనక ఎక్కి కూర్చుండిరి.

ఆ కొరత 2023 నాటికి చాలవరకు తీరినది. కాని 2025 అక్టోబరులో నెక్స్‌పీరియా అను చిప్పుల సంస్థ విషయమై నెదర్లాండ్సు, చైనా దేశముల నడుమ వివాదము పుట్టి, కొన్ని కారుల కర్మాగారములు మరల తడబడినవి. ఇట్టివి ఇకముందును వచ్చుచునే యుండును. కారు కాకున్న మరియొక వస్తువునకు. కొరత కాలమున అంగడివాడు మన తొందరకు ధర కట్టును. అంగడికి పోకముందే ఇంటిలో అందరును కూర్చుండి, ఎవరికొరకు కొనుచున్నారో ఆ మనిషిని కూడ అడిగి, లేనిదే గడువనివి కాగితముపై వ్రాసికొనవలెను. ఎంతకు మించి ఇయ్యరాదో ఆ అంకెయు అక్కడనే వ్రాయవలెను. బయానా తిరిగి ఇత్తునను మాట వ్రాతలో తీసికొనవలెను. నగరములో దొరకనిది చిన్న యూరిలో అడుగవలెను. ఇంత చేసినను వేచియుండవలసినది వేచియుండకతప్పదు. ఆ దినములలో ఇంటివారు ఒకరిపై నొకరు కోపము తెచ్చుకొనకుండ గడుపుట అన్నిటికంటె కష్టము. అది ఏ డీలరును ఇయ్యలేడు.